చూచువారి ధర్మము

తుపాకిని విడిచి ఛాయాచిత్రయంత్రమును చేపట్టుట నాగరకతకు చిహ్నమని పలువురు చెప్పుచున్నారు. ఇది చాలవరకు సత్యమే. పందొమ్మిదవ శతాబ్దమున పాశ్చాత్యదేశములలో స్త్రీల టోపీల యలంకారమునకై టెర్ను పక్షులను, మఱి పెక్కు పక్షులను చంపుచుండిరి. ఈ యీకల వ్యాపారమును మాన్పుటకే 1889లో ఇంగ్లండున ఎమిలీ విలియంసన్ పక్షిరక్షణ సంఘమును స్థాపించెను. చంపక చూచి యానందించుట నేర్పిన యీ మార్పును మేము మనసార కొనియాడుచున్నాము. అయితే చంపకున్నంత మాత్రమున హింస తొలగినదని తలపవచ్చునా?

మన నదులలో వసించు టెర్నును గమనింపుడు. నల్లని శిరస్సు, పసుపుపచ్చని ముక్కు, చీలిన తోక గల యీ పక్షి, వేసవిలో నీరు తగ్గి బయల్పడిన యిసుకతిన్నెలపై గ్రుడ్లు పెట్టును. ఇసుకలోని చిన్నగుంటయే దాని గూడు. గ్రుడ్లు ఇసుకరంగులో కలిసిపోవుటయే వానికి రక్ష. మధ్యాహ్నమున ఇసుక కాలునపుడు, తల్లిదండ్రులలో నొకటి గ్రుడ్లపై నిలిచి నీడ నిచ్చును. పొట్టయీకలు నీటిలో తడుపుకొని వచ్చి వానిని చల్లబరచును. అట్టి వేళ మంచి చిత్రము నాశించి యొకడు దరిజేరెనేని పక్షి లేచి, యఱచుచు వాని తలపై తిరుగును. రెక్కలు విప్పిన పక్షి చక్కగా దొరకినదని యతడు సంతసించును. అతడు పట్టినది దాని భయమును. అది గాలిలో నున్నంతసేపు గ్రుడ్లు ఎండకు మాడును, కాకుల కంటబడును, ఒక్కొకప్పుడు మనుష్యుని యడుగుక్రిందనే నలుగును.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము, పక్షుల గ్రుడ్లను గూళ్లను కలవరపెట్టుటను గూడ వేటయందే చేర్చినది. ఈ నిర్వచనము న్యాయమైనదని మా యభిప్రాయము.

ఆనకట్టల నుండి హఠాత్తుగా విడుచు నీరును, ఇసుక త్రవ్వకమును చేయు నష్టము ముందు ఒక్కని యడుగు లెంతయని కొందఱందురు. చిత్రములు చూచియే జనులకు పక్షులపై దయ కలుగుననియు నందురు. రెండును నిజమే. కాని పరుల పెద్దతప్పు మన చిన్నతప్పును కడుగజాలదు. బెదరించి తీసిన చిత్రము చూచినవాడు దయతోపాటు, అంత దగ్గరకు పోవలెనను కోరికను గూడ నేర్చుకొనును.

పురిటింటి గడప పరులు దాటరాదను మర్యాద మనయిండ్లలో కలదు. ఇసుకతిన్నెకును అదియే చెల్లవలదా? దూరపు గాజుకటకముతో పడవలో నుండియే చూడవచ్చును, పక్షి తలయెత్తి మనవంక చూచినచో ఆగవచ్చును, లేచినచో మరలిపోవచ్చును, గూళ్లున్న చోటును చాటకుండవచ్చును. పిల్లలకు పక్షుల పేర్లు నేర్పు తల్లిదండ్రులు ఈ యాగుటను, ఈ మరలుటను గూడ నేర్పుదురుగాక. చిత్రము లేక యింటికి వచ్చిన బిడ్డను ఆనాడు మెచ్చుకొనుటయు మఱువకుందురుగాక.