నీటిదానం బోరు వేయడంతో ముగియదు

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు నగరం మునిగినప్పుడు ఎందరో దాతలు ముందుకొచ్చారు. వరద అందరికీ కనిపిస్తుంది. కాని మన కర్నూలు, కడప సీమలో కరువు చప్పుడు లేకుండా వస్తుంది. వీధి బోరు మోటారు కాలిపోతే పట్టించుకునేవారు తక్కువ.

హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) మరణించిన తన తల్లి తరఫున ఏ దానం శ్రేష్ఠమని అడిగితే, దైవప్రవక్త (సఅసం) నీటిని సూచించారు. ఆయన బావి తవ్వించారు. ఇదే సదఖయె జారియా, అంటే మరణానంతరం కూడా పుణ్యఫలం అందే దానం. అయితే జనానికి మేలు అందుతున్నంత కాలమే అది జారియా. బోరు మూలనపడితే మిగిలేది శిలాఫలకం మీది పేరే.

కనుక కొత్త బోరుకు చందా వసూలు చేసేనాడే మరమ్మతులకు కొంత విడిగా ఉంచుదాం. పాత మోటారు బాగుచేయించడమూ నీటిదానమే. ఇందులో జకాత్ సొమ్ము కలపకూడదు. దాని హక్కుదారులెవరో దివ్యఖుర్ఆన్ (9:60) నిర్ణయించింది. సదఖా, చందాలతోనే ఈ పని చేద్దాం. ఆ సొమ్ము మన దగ్గర అమానతు. జమాఖర్చులు జుమా నాడు అందరికీ వినిపిద్దాం. బిందెతో వచ్చినవారి మతం మాత్రం అడగవద్దు.

అల్లాహ్ మనకు ఈ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.