పెరట్లో కూర్మం: కంచె ఎవరి కోసం?

 

కూర్మావతారం గురించి మాట్లాడిన ప్రతిసారీ నన్ను ఎవరో ఒకరు అడుగుతుంటారు. "అన్నగారూ, ఇంట్లో తాబేలు ఉంటే లక్ష్మి నిలుస్తుందంట కదా, పెరట్లో దానికి చోటు ఎట్లా కట్టాలె?" అని. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ముందు రెండోదే చూద్దాం. కట్టడం గురించి నిజాయితీగా ఆలోచిస్తే మొదటిదానికి జవాబు దానంతట అదే బయటికొస్తుంది.

ఈ మధ్య హనుమకొండలో మాకు తెలిసిన ఒక ఇంటివాళ్లు వాళ్ల పెరడు చూపించారు. వాళ్ల దగ్గరున్నది నక్షత్ర తాబేలు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విరిసి ఉంటాయి, చూస్తే ముచ్చటేస్తుంది. తొట్టిలో నీళ్లు పోసి అందులో పెట్టారు. ఇది నీటి తాబేలు కాదు, మెట్టనేల జీవి, ఈత రాదు. కాబట్టి మొదట తొట్టి పోవాలి, లోతులేని పళ్లెం రావాలి. ఇనుప జాలీ కడదామన్నారు. జాలీ అవతల కనబడే గడ్డి కోసం అది పొద్దంతా మూతి రాసుకుంటూనే ఉంటుంది, అందుకని చూపు ఆనని ఇటుక గోడే కావాలి. కుక్కలు, ముంగిసలు తవ్వకుండా అడుగు లోతు పునాది కావాలి. కోతుల సంగతి వరంగల్ వాళ్లకు నేను చెప్పాలా? పైన కూడా కప్పు కావాలి. కింద శాబాద్ బండలు పనికిరావు, మన 44, 45 డిగ్రీల ఎండల్లో అవి పెనం అవుతాయి. మట్టి కావాలి, పొదల నీడ కావాలి, వానకు తడవని మూల కావాలి. తినడానికి అన్నం, బ్రెడ్డు కాదు, గరిక, ఆకులు కావాలి.

ఇంటాయన అన్నీ విని నవ్వారు. "అంటే పెరడంతా దానికే రాసియ్యాలన్నమాట!" అన్నారు.

నవ్వుకి అన్నా, అసలు సంగతి అదే. తాబేలుకి ఏది మంచిదో అది ఒక్కొక్కటీ చేసుకుంటూ పోతే, చివరికి మన పెరడు దాన్ని పట్టుకొచ్చిన పొదల నేలలాగే తయారవుతుంది. మరి అక్కడి నుంచి తేవడం ఎందుకు?

చట్టం సంగతి కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. 2022 సవరణతో దీన్ని పులి, ఏనుగు ఉన్న మొదటి షెడ్యూల్‌లోకి చేర్చారు. 2015లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం మన దేశంలో ఒక్క కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లను దొంగచాటుగా పట్టుకుపోతున్నారు. ఆ దందాకి గిరాకీ మన నమ్మకం నుంచి కూడా వస్తోందంటే మనసుకు కష్టంగానే ఉంటుంది.

అయినా చట్టం భయంతో మానేస్తే అది ధర్మం అనిపించుకోదు. నా మనసులో ఉన్న ప్రశ్న వేరు. గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుణ్ణి తాబేలుతో పోల్చారు. అది అవయవాలను లోపలికి ముడుచుకున్నట్టు జ్ఞాని ఇంద్రియాలను విషయాల నుంచి మళ్లిస్తాడని భావం. ఎంత గొప్ప పోలిక! కానీ మనం చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ తాబేలు తల ఎందుకు ముడుచుకుంటుందో చూడండి. అది ధ్యానం కాదమ్మా, భయం. మనమేమో "చూడు, ఎంత శాంతంగా ఉందో" అని దండం పెట్టి ఫోటో తీసుకుంటాం. ఒక ప్రాణి భయాన్ని మనం భక్తిగా చదువుకుంటే, మన పూజ ఎవరికి చేరుతున్నట్టు?

"కుక్కను కట్టేయట్లేదా?" అంటారు. కుక్క వేల ఏళ్లుగా మనిషితో బతుకు కలుపుకున్న జీవి. పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తుంది, మనం లేకపోతే బెంగ పెట్టుకుంటుంది. తాబేలు మనతో అలాంటి ఒప్పందం ఏదీ చేసుకోలేదు.

ఇంకో మాట కూడా వస్తుంది, దాన్ని తేలిగ్గా తోసేయలేం. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో, సాక్షాత్తూ కూర్మనాథుడి గుడిలోనే, నక్షత్ర తాబేళ్లు ఆవరణలో ఉంటాయి కదా? ఉంటాయి. గోడ గోడే, అది గుడి గోడో ఇంటి గోడో తాబేలుకి తెలియదు. నా వరకు తేడా ఒక్కచోటే ఉంది. దెబ్బతిన్నదాన్నో, దొంగల నుంచి విడిపించినదాన్నో కాపాడటానికి కట్టిన గోడ, దాని అవసరం తీరితే తెరుచుకోవాలి. మన పెరటి గోడ కట్టేదే లక్ష్మి వెళ్లిపోకూడదని. అంటే లోపల ఉన్నది మన ఆశ, తాబేలు దానికి తాకట్టు. మన బమ్మెర పోతన తెనిగించిన భాగవతం ఎనిమిదో స్కంధంలో స్వామి మందర పర్వతం కింద తన వీపు తానే పెట్టాడు. అడిగి మోయించిన బరువు కాదది.

ఇంట్లో కూర్మం ఉండాలనుకుంటే ఇత్తడిది పెట్టుకోండి. నీళ్ల పళ్లెంలో పెట్టినా దానికి ఏమీ కాదు.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ల సంగతి కష్టం. ఆ హనుమకొండ ఇంట్లో తొమ్మిదేళ్ల బాబు నన్ను పక్కకు పిలిచి, "అక్కడ దానికి గరిక ఎవరు పెడతారు?" అని అడిగాడు. వాడి ప్రేమ అబద్ధం కాదు. అక్కడ దాన్ని చూసుకునే మనుషులుంటారని చెప్పాను, వాడు సగమే నమ్మాడు.

మీరు ఇచ్చేయాలనుకుంటే, పుణ్యం వస్తుందని భద్రకాళి చెరువులోనో గుడి కోనేట్లోనో వదలకండి, మునిగి చచ్చిపోతుంది. దగ్గర్లో చెట్లున్నాయి కదా అని అక్కడా వదలకండి, ఇన్నాళ్లు ఇంట్లో ఉన్నదానికి తిండి వెతుక్కోవడం తెలియకపోవచ్చు, దాని జబ్బు వేరేవాటికి అంటవచ్చు. ముందుగా అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి. అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, అడుగున పొడి గడ్డి పరిచి, ఎండ పడకుండా తీసుకెళ్లండి. ఇంట్లో పిల్లలుంటే పెట్టె వాళ్ల ఒళ్లోనే పెట్టండి.