చేసినవాడు, చేయించినవాడు

ప్రాణిని చంపుట హింస యని యెల్లరును ఎరుగుదురు. కాని తన చేయి తగులకుండ, మరియొకరిచేత చంపించినచో ఆ కర్మము ఎవరిది? మన శాస్త్రములు ఈ ప్రశ్నను దాటవేయలేదు. పతంజలి మహర్షి యోగసూత్రముల సాధనపాదమున హింసను తాను చేసినది, ఇతరులచే చేయించినది, ఇతరులు చేయగా సమ్మతించినది అని మూడు తెగలుగా చెప్పెను. మనువు ఇంకను ముందుకు పోయి, అనుమతించినవాడు మొదలుకొని వండినవాడు, వడ్డించినవాడు, తినినవాడు వరకు అందరిని ఘాతుకుల వరుసలోనే నిలిపెను. వినుటకు ఇది తేలికగనే యుండును. మనకు ఎక్కడ తగులునో తెలియుటకు ఒక దృష్టాంతము కావలెను. దానిని ఐరోపా పల్లెలనుండి తెచ్చుకొనుచున్నాను.

అచ్చటి కుందేళ్లు నేలలో బొరియలు త్రవ్వుకొని గుంపులుగా నివసించును. మన కుందేలు అట్లు కాదు. గడ్డి దుబ్బుల నడుమ నేలమీదనే ఒదిగి పండుకొనును. బొరియలలోని కుందేళ్లను వెడలగొట్టుటకు ఆ దేశములవారు ఫెరెట్ అను జంతువును పెంచుదురు. చూపునకు మన ముంగిసవలె నుండును గాని జాతి వేరు. సన్నని పొడవైన దేహము, పొట్టి కాళ్లు. ఎంత ఇరుకైన కలుగులోనైనను దూరిపోవును. సుమారు 2000 యేండ్ల క్రిందటనే స్ట్రాబో అను గ్రీకు గ్రంథకర్త, స్పెయిను దేశమున ఇట్టి జంతువుల మూతికి చిక్కము కట్టి బొరియలలోనికి వదలుటను వర్ణించెను. ఇంగ్లండులో 1390వ సంవత్సరపు శాసనము ప్రకారము ఏటికి 40 షిల్లింగుల విలువగల భూమి లేని గృహస్థు వేటకై ఫెరెట్‌ను ఉంచుకొనరాదు. ఆకలి లేనివానికే వేట హక్కన్న మాట!

ఈ వేట శీతకాలమున జరుగును. అప్పుడు ఆకు రాలి కలుగుల నోళ్లు స్పష్టముగా కనబడును. లోపల పిల్లలును తక్కువ. వేటకాండ్రు చప్పుడు చేయక చేరి, ప్రతి కలుగు నోటను ఒక చిన్న వలను పరచి, దాని త్రాటిని మేకునకు కట్టుదురు. పిమ్మట ఫెరెట్‌ను ఒక కలుగులోనికి వదలుదురు. కొంతసేపు ఏమియు కనబడదు. నేల క్రింద కుందేళ్లు వెనుక కాళ్లతో దబదబ కొట్టు చప్పుడు మాత్రము వినవచ్చును. అంతలో ఒకటి ప్రాణభయముతో బయటకు దుమికి వలలో పడును. వల సంచివలె మూతి బిగియును. మనుష్యుడు దానిని తీసి మెడ విరుచును. ఫెరెట్ లోపలనే కుందేటిని చంపి తిని నిద్రించినచో గంటలకొలది కాచుకొనవలెను, లేదా నేల త్రవ్వవలెను. అందుచేతనే చిక్కము. పూర్వము కొందరు ఆ జంతువు పెదవులనే దారముతో కుట్టెడివారట! వ్రాయుటకే చేయి జంకుచున్నది.

ఇక విచారింతము. ఫెరెట్ తన స్వభావము ననుసరించి పోయినది. అది తిర్యగ్జంతువు, దానికి విధినిషేధములు లేవు. వల జడము. కుందేలు తన కాళ్లతోనే వచ్చి పడినది. ఈ విధముగా ఒక్కొక్కరిని తప్పించుకొనుచు పోయినచో, చివర మిగిలినవాడు సంచి పట్టుకొని నిలిచినవాడే. గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మకు అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అని ఐదు కారణములు చెప్పబడినవి. అందు ఫెరెట్ కరణము. కరణము నెంత పొడిగించినను కర్త స్థానము ఖాళీ కాదు.

ఒకరు ఆక్షేపింపవచ్చును: "భగవానుడే అర్జునుని నిమిత్తమాత్రుడవు కమ్మనెను గదా! మనమును అట్టివారమే" యని. అర్జునుడు ఫలమును భగవానునకు విడిచిన పిమ్మట నిమిత్తమాత్రుడగును. కుందేళ్లను లెక్కించి సంచిలో వేసికొనువాడు దేనిని విడిచెను?

ఆనుశాసనిక పర్వమున గౌతమి కథ కలదు. పాము కాటున ఆమె కుమారుడు మరణించెను. అర్జునకుడను వేటకాడు ఆ పామును కట్టి తెచ్చి చంపుదుననెను. పాము "నన్ను మృత్యువు పంపెను" అనెను. మృత్యువు వచ్చి "నన్ను కాలుడు ప్రేరేపించెను" అనెను. కాలుడు వచ్చి "ఆ బాలుని కర్మమే కారణము" అనెను. ఎవరికిని దోషము లేదని ఈ కథ చెప్పుచున్నదని కొందరందురు. నాకట్లు తోచదు. పామును విడువుమన్నది బిడ్డను పోగొట్టుకొన్న తల్లి. ఆమె నోట ఆ మాట శాంతి. చంపించినవాని నోట అదే మాట సాకు. భీష్ముడు ఈ కథను ధర్మరాజునకు చెప్పుటకు కారణమును, ఇంత చావునకు నేనే హేతువునని ఆయన కుమిలిపోవుచుండుటయే.

కుందేళ్లు పైరును నాశనము చేయునన్నది నిజమే. రైతు బ్రతుకవలెను. కాని పంపుట మన వశము, పోయినది ఎక్కడ ఆగునో మన వశము కాదు. న్యూజీలండులో 1880ల ప్రాంతమున కుందేళ్ల పైకి ఫెరెట్లను వేలకొలదిగ వదలిరి; అవి ఎగురలేని అచ్చటి పక్షులను గూడ తినసాగెను. 2002లో ఆ దేశమున వాని అమ్మకమును, పెంపకమును నిషేధించిరి. 1950లో ఆస్ట్రేలియాలో మిక్సొమటోసిస్ అను రోగమునే కుందేళ్లపైకి పంపిరి. కన్నులు వాచి, చూపు పోయి, అవి లక్షలకొలది చచ్చెను. మెడ విరుచు చేయి గూడ అక్కరలేకపోయెను.

మన యిండ్లకు వత్తము. నెల్లూరు ప్రాంతమున వరి పొలములలో ఎలుకలు పట్టుటకు యానాదులను పిలుచుట పూర్వాచారము. కుండలో నిప్పు రాజవేసి, పొగను కలుగులోనికి ఊది, వారు ఎలుకలను పట్టుదురు. గింజ దక్కినది రైతునకు. అతడే పిమ్మట "మేము చీమకైనను హాని చేయము, ఆ పాపపు పని వారి కులవృత్తి" యని యానాదిని వాకిటికి దూరముగా నిలిపి కూలి విసరినచో, శ్రీవారి సన్నిధిలో జోడించిన ఆ చేతులు శుద్ధమైనవేనా? పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ అను ఐదింటిని గృహస్థుని వధస్థానములని శాస్త్రమే పేర్కొని, వాని దోషమునకై పంచమహాయజ్ఞములు విధించెను. ఎరుగక త్రొక్కిన చీమకే లెక్క చెప్పవలసిన గృహస్థునకు పిలిచి పట్టించిన ఎలుక లెక్కలోనికి రాకపోవునా?

మిథిలలోని ధర్మవ్యాధుడు మాంసము విక్రయించువాడు. తాను చంపడు, తినడు. ఇతరులు చంపినదానినే అమ్మును. ఆ మాటను అడ్డు పెట్టుకొని అతడు తప్పించుకొనవచ్చును గాని, తన వృత్తి ఘోరమైనదేయని కౌశికునితో ఒప్పుకొనెను. నాగటి చాలులో నలిగిపోవు ప్రాణులనుగూడ జ్ఞాపకము చేసెను. వినుచున్న కౌశికుడు వేదాధ్యయనపరుడైన బ్రాహ్మణుడు, ఏ ఆయుధమును పట్టనివాడు. అయినను తనపై రెట్ట వేసిన కొంగను కోపదృష్టితో చూచినంతనే అది చెట్టునుండి చచ్చి పడెను. దాని కళేబరమును చూచి, ఇది నేను చేసిన పనియేయని అతడు దుఃఖించెను.