కట్ చెప్పేదెవరు?

ఫిల్మ్‌నగర్‌లో ఎంత పెద్ద హీరోకైనా ‘కట్’ చెప్పేవాళ్లు ఒకరుంటారు. 2013లో ‘మిర్చి’ తర్వాత 2015లో ‘బాహుబలి’ దాకా హీరోగా ప్రభాస్ సినిమా రాలేదు. అభిమానులు ఓపిగ్గా ఎదురుచూశారు.

స్ట్రీమర్‌కి ఆ వీలెక్కడిది? ఫోర్ట్‌నైట్ ఆడి పేరు తెచ్చుకున్న నింజా, అంటే టైలర్ బ్లెవిన్స్, 2018లో నలభై ఎనిమిది గంటలు కూడా నిండని విరామానికే 40,000 మంది సబ్‌స్క్రైబర్లు పోయారని వాపోయాడు.

వెళ్లిపోవడం తప్పా? డబ్బు వాళ్లది, ఇష్టం వాళ్లది. నిజమే. కానీ మన తెలుగు స్ట్రీముల్లో రాత్రంతా చాట్‌లో ‘అన్నా, అన్నా’ అంటాం. కొనుక్కున్న సరుకుని ఎవరూ అన్నా అని పిలవరు. అలా పిలిచాక, ‘ఇక పడుకో అన్నా, రేపొస్తాం’ అని చెప్పాల్సిందీ మనమే. అది చేతకాకపోతే అన్నా అనడం మానేద్దాం.