చార్లీ బ్రౌన్ చెట్టు

1965 నాటి ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ మళ్ళీ చూశాను. పండగంతా వ్యాపారమైపోయిందని దిగులుపడే పిల్లాడు, తళతళలాడే అల్యూమినియం చెట్లు వదిలేసి బక్కచిక్కిన నిజం చెట్టొకటి తెస్తాడు. అందరూ పడీపడీ నవ్వుతారు. కుక్క స్నూపీ మాత్రం తన గూటిని లైట్లతో నింపి పోటీలో బహుమతి కొట్టేస్తుంది. చివరికి పిల్లలు ఆ గూటి అలంకరణలే తీసి కట్టాక, చెట్టు కళకళలాడుతుంది.

ఇన్నాళ్ళూ ఇది ఆడంబరం ఓడిపోయిన కథ అనుకున్నా. కానీ చెట్టుని నిలబెట్టింది ఆ పోటీ తళుకులే కదా! మరి వాళ్ళు మెచ్చింది అతను ఎంచుకున్న చెట్టునా, తాము మార్చుకున్న చెట్టునా?

ఈసారి ఇంకోటి గమనించాను. అతన్ని ఎవరూ క్షమాపణ అడగలేదు. లూసీ అయితే చెట్టు బావుందంటూనే అతన్ని మొద్దు అంటుంది. లైనస్ మాత్రం ఎప్పుడూ వదలని తన దుప్పటిని చెట్టు మొదలుకి చుట్టాడు. నవ్విన నోటితో తప్పైందని చెప్పడం కష్టం. చేతులకి అది కాస్త తేలికేమో.