పనిలేని చేతులు

జర్మన్ చిత్రకారుడు నియో రౌఖ్ చిత్రాల్లో మనుషులు ఎప్పుడూ ఏదో పనిలో ఉంటారు. ఒకడు మోస్తుంటాడు, ఒకడు తవ్వుతుంటాడు, ఒకామె ఏదో పరికరం పట్టుకుని వంగి ఉంటుంది. పక్కవాడి మొహం చూసే తీరిక ఎవరికీ ఉన్నట్టు కనిపించదు. అంత శ్రద్ధగా చేస్తున్న ఆ పనేమిటో మాత్రం చూసేవాడికి అంతుపట్టదు.

3 మీటర్ల ఎత్తు కాన్వాసులను అరచేతిలో ఫోన్‌లో చూసి ఆయనకి అభిమానినయ్యాను. అందులో అసూయ పాలు ఎంతో, అవసరం పాలు ఎంతో ఈ మధ్య తరచి చూసుకుంటున్నాను.

ముందు అవసరం సంగతి. పత్రికల్లో కథలకు బొమ్మలు వేయడం నా జీవనం. కథలో ముసలాయన బస్సు దిగితే బొమ్మలో ముసలాయనా ఉండాలి, బస్సూ ఉండాలి. ఎడిటరుగారు ‘కాస్త అర్థమయ్యేలా వెయ్యండి’ అంటే అలాగే వేస్తాను. రాత్రిళ్ళు నాకోసం వేసుకునే వాటిలో మాత్రం ఇళ్ళ మీద చేపలు ఎగురుతాయి, మనిషికి తల ఉండాల్సిన చోట తలుపు ఉంటుంది. దీన్ని స్వేచ్ఛ అని చెప్పుకోవచ్చు, చాలామందికి అలాగే చెప్పాను కూడా. లోపలి కారణం ఇంకొకటి. మోకాలు సరిగ్గా కుదరకపోతే పదేళ్ళ పిల్లాడైనా పట్టేస్తాడు. ఎగిరే చేప సరిగ్గా లేదని ఎవరంటారు? వింతలో దాక్కోవడం తేలిక. పోలండ్ చిత్రకారుడు బెక్షిన్‌స్కీ తన చిత్రాలకు పేర్లే పెట్టేవాడు కాదు, అర్థం అడిగితే చెప్పేవాడు కాదు. ఆ మౌనం గొప్పగా అనిపించి నేనూ పేర్లు మానేశాను. ఆయన చెప్పనన్నాడు. నా దగ్గర చెప్పడానికి ఏముందో నేనింకా వెతుక్కోనేలేదు. బయటికి రెండు మౌనాలూ ఒకేలా ఉంటాయి.

రౌఖ్ వింత ఎక్కణ్ణుంచి వచ్చిందో చదివాక నా చేపలు చిన్నబోయాయి. 1960లో తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టాడు. పుట్టిన కొద్ది వారాలకే అమ్మానాన్నలు రైలు ప్రమాదంలో పోతే తాతగారింట్లో పెరిగాడు. ఆ దేశపు గోడల మీద, పోస్టర్ల మీద కండలు తిరిగిన కార్మికులు రేపటి కోసం సుత్తి ఎత్తుతుండేవారు. 1989లో బెర్లిన్ గోడ కూలింది, మరుసటి ఏడాదికి ఆ దేశమే లేదు. నాకు అర్థమైనంతలో, ఆ కార్మికులే ఆయన కాన్వాసుల్లోకి నడిచొచ్చి పని కొనసాగిస్తున్నారు. సుత్తి ఎత్తే ఉంది, రేపు రద్దయింది. ఆయన స్టూడియో ఉన్నది కూడా మూతపడ్డ ఒక నూలు మిల్లులోనే.

దీనికి జర్మనీ దాకా పోవాలా, మనకు లక్ష్మాగౌడ్ లేరా అంటాడు ఒక మిత్రుడు. ఉన్నారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. 1970ల్లో ఆయన చేసిన ఎచింగుల్లో మనిషి, మేక, చెట్టు ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి, కామం ముసుగేసుకోదు. తర్వాత వచ్చిన రంగురంగుల స్త్రీపురుషుల కంటే ఆ నల్లగీతలే నాకిష్టం. కానీ ఆ పల్లె ఆయనది. నేను బెజవాడ గాంధీనగర్ వాణ్ణి. మాకు మేకలు లేవు, సినిమా హాళ్ళున్నాయి.

ఆ హాళ్ళకు బ్యానర్లు గీసే షెడ్డులో, గురువుగారి దగ్గర, చిన్నప్పుడే గళ్ళు కొట్టడం నేర్చుకున్నాను. స్టిల్ ఫొటో మీద చిన్న గళ్ళు, గుడ్డ మీద పెద్ద గళ్ళు. పొడి రంగుల్లో అవిసె నూనె కలపడం కూడా నా పనే. కటౌట్ అయితే ప్లైవుడ్ మీద ముక్కలుగా గీసేవారు. హీరో తల ఒక మూల, నడుము ఎండలో ఆరుతూ, చెయ్యి గోడకి చేరగిలబడి. ఆ చెయ్యి నాకంటే పొడుగు. అప్పుడది వింతగా తోచనే లేదు, రోజూ చూసేదే కదా. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, షెడ్డు పోయింది. గురువుగారు కొన్నాళ్ళు షాపుల షట్టర్ల మీద పేర్లు రాశారు. నిలువెత్తు కనుబొమ్మని ఒక్క ఊపులో లాగిన చెయ్యి కదా, షట్టరు మీద అక్షరాలకు కూడా తోకలు సాగేవి. కొట్టువాళ్ళు విసుక్కునేవారు.

రౌఖ్‌ని చూడకపోతే ఈ షెడ్డు నాకు బొమ్మగా తట్టేదా? తట్టేది కాదనే అనుకుంటాను, చెప్పుకోవడానికి మొహమాటంగా ఉన్నా. పని పోయినా పనిచేసే తీరు వదలని మనుషుల్ని ఆయన చూపించాకే గురువుగారి చెయ్యి మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. రౌఖ్ వాడే పాలిపోయిన పసుపునో, ఆ మనుషుల బిగుసుకున్న భుజాల్నో ఎత్తుకొస్తే ఎవరైనా పట్టేస్తారు. చూసే పద్ధతిని ఎత్తుకొస్తే ఎవరికీ దొరకను. ఆ దొరకనిదే పెద్ద దొంగతనమేమోనని కొన్ని రాత్రులు అనిపిస్తుంది. గురువుగారిని గీయడం రౌఖ్ వల్ల కాదు కదా అని ఇంకొన్ని రాత్రులు ధైర్యం వస్తుంది.

ఇప్పుడు వేస్తున్న దాంట్లో చేపలు లేవు. నలుగురు మనుషులు వాచీ పెట్టుకున్న పెద్ద చేతినొకదాన్ని మోసుకుపోతున్నారు, ఎక్కడికో నాకూ తెలియదు. వేళ్ళు తప్పుగా వస్తే తప్పేనని అందరికీ తెలిసిపోతుంది కాబట్టి ఎక్కువసేపు వాటి దగ్గరే ఆగిపోతున్నాను. రౌఖ్ ముందుగా స్కెచ్ వేసుకోకుండా నేరుగా కాన్వాసు మీదే మొదలుపెడతాడు. నాకు ఆ ధైర్యం లేదు, గళ్ళు కొట్టుకునే మొదలుపెట్టాను. వాటిని రంగు కింద కనబడేలా వదిలేయాలని ఉంది. గురువుగారైతే ఒప్పుకోరు. గళ్ళు కనబడితే ఆయన లెక్కలో పని సగమే అయినట్టు.