అభయదానము

ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అని దానములు నాలుగు. మొదటి మూడింటికి ధనము కావలెను. అభయమునకు మనస్సు కావలెను. భయపడి వచ్చిన జీవికి తోడుగా నిలుచుటయే అభయదానము.

భయము శత్రువు వలననే కాదు, వాన కురియకపోయినను కలుగును. మగధలో పన్నెండేండ్ల కరవు రాగా భద్రబాహుస్వామి సంఘముతో దక్షిణమునకు తరలి శ్రవణబెళగొళ చేరెననియు, చంద్రగుప్త మౌర్యుడు ఆయన వెంట వచ్చెననియు దిగంబర సంప్రదాయము. విక్రమ సంవత్ 1956 (క్రీ.శ. 1899-1900) నాటి చప్పనియా కరవున మార్వాడ ప్రజలెందరో పశువులను తోలుకొని సంస్థానముల ఎల్లలు దాటిరి.

కోలారు బంగారమును త్రవ్వినవారును వలస వచ్చినవారే. 1876-78 నాటి మహాక్షామము మదరాసు రాజధానిని, మైసూరును ఊడ్చివేసినది. 1880లో జాన్ టైలర్ కంపెనీ గనుల పని మొదలుపెట్టిన తరువాత, ఉత్తర ఆర్కాటు మెట్టపల్లెల కూలీలు ఎల్ల దాటి మైసూరు సంస్థానమున ప్రవేశించిరి. వారు భూగర్భమున పడిన శ్రమయే రాబర్ట్‌సన్‌పేట అంగళ్లలో దీపము వెలిగించినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. నేడు వారి సంతతిలో ఎందరో తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కుచున్నారు.

నేటి కరవునకు మరియొక కారణము కూడినది. బొగ్గు, నూనె హద్దు మీరి తగులబెట్టుటచే భూమి వేడెక్కుచున్నది. భోగించినవాడొకడు, ఊరు విడుచువాడు మరియొకడు. అట్లు దేశము దాటినవానికి 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో చోటు లేదు. జాతి, మతము, జాతీయత, సామాజిక వర్గము, రాజకీయాభిప్రాయము వలన పీడనకు భయపడువానినే అది శరణార్థి అనును. కిరిబాటి ద్వీపవాసి ఒకడు న్యూజిలాండులో ఆశ్రయము కోరగా లభింపలేదు. అయినను వాతావరణ మార్పు వలన ప్రాణభయమున్న చోటికి మనిషిని త్రిప్పి పంపుట జీవించు హక్కునకు భంగము కావచ్చునని, ఆ వ్యాజ్యముననే ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ 2020లో వెలువరించిన నిర్ణయమున అంగీకరించినది.

చట్టము మారువరకు శ్రావకుడు వేచియుండనక్కరలేదు. జీవులు ఒండొరులకు ఉపకరించుటకే యున్నవని ఉమాస్వాతి బోధించెను. ఆ బోధకు ఎల్లలు లేవు. వలసకూలీ అక్కర కనిపెట్టి కూలి తగ్గించుట, గది అద్దె పెంచుట, అతని భయమును సొమ్ము చేసికొనుటయే. దొంగతూకము అచౌర్యవ్రతమునకు అతిచారము. ఆశ్రితుని అన్నపానములకు అడ్డుపడుట అహింసావ్రతమునకు అతిచారము. ఈ రెండవది ఏ త్రాసునను కనబడదు, లెక్కల పుస్తకమున లాభముగనే కనబడును.

సంవత్సరినాడు సమస్త జీవులను క్షమాపణ వేడువాడు, తన అంగడి మెట్లపై పని అడుగుచు నిలిచిన పొరుగుసీమ కూలీని సైతము ఆ జీవులలో లెక్కింపవలెను.